కరివేపాకు కొమ్మ మీద మహారాణి

అనగనగా అని నేనంటాను, మీరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే కథ మధ్యదారిలో చతికిలబడుతుంది, మళ్ళీ లేపడం నా వల్ల కాదు. కొట్టారా? అయితే వినండి.

అనగనగా సంపెంగపురం అని ఒక పట్నం. ఆ పట్నానికి కుంతలసేనుడని ఒక రాజు. ఆ రాజుకి హేమాంబ అని రాణి. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయసింహుడు. పేరులో సింహం ఉంది కానీ బల్లిని చూస్తే మంచం ఎక్కేవాడు. రెండోవాడు రణధీరుడు. వాడికి ఏదైనా అనుకున్న మరుక్షణం అయిపోవాలి. అన్నం ఉడికేదాకా ఆగలేక బియ్యం బుక్కేవాడు. మూడోది ఆడపిల్ల, అలివేణి. పాలపళ్ళు ఊడే వయసు. ముందుపళ్ళు రెండూ లేవు, నవ్వితే నోట్లో కిటికీ తెరిచినట్టుండేది.

రాజుగారి పిల్లలు కదా, బంగారు బంతులూ వెండి ఉయ్యాలలూ ఎన్నో ఉండేవి. వాళ్ళు ఆడుకునేది మాత్రం వంటశాల వెనక పెరట్లో. అక్కడ ముగ్గురూ కలిసి ఒక ఊరు కట్టారు. మనుషుల ఊరు కాదు, పురుగుల ఊరు. కొబ్బరిచిప్ప బోర్లించి చీమలకి ఇల్లు చేశారు. ఎండిన సొరకాయ బుర్రకి కన్నం పెట్టి తేనెటీగలకి మేడ కట్టారు. గొయ్యి తీసి, బంకమట్టి మెత్తి, చెంబులతో నీళ్ళు మోసి తూనీగలకి చెరువు చేశారు. తూనీగ తిరిగేది గాలిలోనే అయినా దాని పిల్లలు పెరిగేది నీళ్ళలో. కుళ్ళిన అరటిబోదె కింద రోకలిబండ పురుగులు చుట్టలు చుట్టుకుని పడుకునేవి. పేడపురుగు ఉండ దొర్లించుకుంటూ వస్తుంటే ముగ్గురూ లేచి దారి ఇచ్చేవాళ్ళు.

దాసీలు ముక్కు మూసుకునేవారు. మంత్రిగారు తల పట్టుకునేవారు. మహారాణి మాత్రం పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పిల్లల మధ్య మట్టిలో కూర్చుని, "ఈ వీధిలో నీడ తక్కువైందర్రా, ఇక్కడో ఆకు కప్పండి," అనేది. పొద్దు వాలేసరికి తల్లి చేతులేవో పిల్లల చేతులేవో తెలిసేవి కావు. ఆ తర్వాత నలుగురూ దాగుడుమూతలు ఆడేవాళ్ళు. రాణి దాక్కుంటే కనిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చెట్టుకి ఆనుకుని నిలబడితే ఆ చెట్టే అయిపోయేది.

అలా ఉండగా ఒకనాడు ఆ పెరట్లోకి వజ్రకంటకుడనే మాంత్రికుడు వచ్చాడు. ఏడు సముద్రాల అవతల పచ్చల దీవి అతనిది. అక్కడ ఆకులు పచ్చలు, పూలు కెంపులు, నేలంతా పాలరాయి. అక్కడ ఏదీ వాడదు, ఏదీ రాలదు, ఏదీ పాకదు. అలాంటి చోటి నుంచి వచ్చినవాడికి పురుగుల ఊరు కంటపడేసరికి ఒళ్ళు జలదరించింది.

"ఛీ ఛీ! రాజుగారి ఇంట్లో ఈ అసహ్యమేమిటి!" అంటూ తొక్కేయడానికి కాలెత్తాడు.

రాణి చెయ్యి అడ్డం పెట్టింది. "స్వామీ, కాస్త చూసి అడుగెయ్యండి. అవన్నీ కాపురాలు."

"కాపురాలా? పురుగులంటే నీకు అంత ముద్దయితే నువ్వూ పురుగువైపో!" అని మాంత్రికుడు గుప్పెడు బూడిద చల్లాడు.

మట్టి చేతులతో నిలబడ్డ రాణి నిలబడ్డచోట లేదు. మాంత్రికుడు వంగి నేల మీంచి దేన్నో తీసి గాజుబుడ్డిలో వేసుకుని, పొగలా లేచి పోయాడు.

రాజు ఏడ్చి ఏడ్చి మంచం పట్టాడు. సేనాపతి పంపిన ఓడలు మొదటి సముద్రం సగం కూడా దాటలేక తిరిగొచ్చాయి. అలివేణికి అన్నం సహించలేదు. తూనీగల చెరువు గట్టున కూర్చుని, "మా అమ్మ కావాలి, మా అమ్మ కావాలి," అని ఏడుస్తుంటే, అరచేయంత తూనీగ ఒకటి వచ్చి ఆమె మోకాలి మీద వాలింది.

"ఏడవకు పాపా. నేను తూనీగల రాణిని. నా పిల్లలు నీ చెరువులో పెరిగారు. మీ అమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను."

అలివేణి ముక్కు తుడుచుకుంది. "నేను బరువు కదా?"

"బరువు సంగతి మరిచిపో. నిద్ర పట్టేముందు ఒళ్ళెలా తేలిపోతుందో గుర్తు తెచ్చుకో. అంతే చాలు."

"మేమూ వస్తాం," అన్నాయి కొబ్బరిచిప్పలోంచి చీమలు. "మేమూ," అన్నాయి సొరబుర్రలోంచి తేనెటీగలు. పెద్దన్నయ్య చిప్పని సంచిలో పెట్టుకున్నాడు. చిన్నన్నయ్య బుర్రని భుజాన తగిలించుకున్నాడు. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి తూనీగ పెరిగిందో వాళ్ళే తరిగారో గానీ, దాని వీపు మీద ఉన్నారు, కింద నీళ్ళు.

మొదటిది ఉప్పు సముద్రం. పెదవులు చిటపటలాడాయి. రెండోది చెరుకురసం సముద్రం. దోసెడు తాగుదామని వంగి రణధీరుడు పడబోయాడు. మూడోది కల్లు సముద్రం, దాని సంగతి పిల్లలకి చెప్పకూడదు, ముక్కులు మూసుకుని దాటారు. నాలుగోది నెయ్యి సముద్రం, అలలు లేవు, కమ్మటి వాసన ఒక్కటే. ఐదోది పెరుగు సముద్రం, మీగడ తెట్టెల మీద కొంగలు ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి. ఆరోది పాలసముద్రం. ఆకాశమెక్కడో పాలెక్కడో తెలియని తెలుపు. దాటినంతసేపూ ఎవరో దూరంగా జోల పాడుతున్నట్టు వినిపించింది. అమ్మేనేమో అనుకుంది అలివేణి. కాదు, తూనీగ రెక్కల చప్పుడు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. దాని అవతల పచ్చల దీవి.

ఎంత అందమో అంత నిశ్శబ్దం ఆ దీవిలో. ఒక్క కీచురాయి కూడా కూయదు. తోట నడుమ మాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. అతని పక్కన బంగారు పంజరంలో బక్కచిక్కిన చిలక. పంజరానికి తలుపే లేదు. తినడానికి ఏమీ దొరకని దీవిలో అదెక్కడికి ఎగిరిపోతుంది? పచ్చల పొడి వేస్తే ఇంత మింగి మూలుగుతూ ఉండేది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఆ సంగతి పిల్లలకి తెలియదు, మీకూ నాకూ తెలుసు. కాస్త మెల్లిగా ఊఁ కొట్టండి, మాంత్రికుడు వింటాడు.

"మాంత్రిక తాతా, మా అమ్మని ఇచ్చెయ్యి," అంది అలివేణి.

తాతా అని పిలిచినవాళ్ళు అతనికి ఇంతవరకూ లేరు. గడ్డం దువ్వుకున్నాడు. "మూడు పనులు చెబుతాను. మూడూ చేస్తే మీ అమ్మ మీది. ఒక్కటి తప్పినా మీరు ముగ్గురూ నా తోటలో రాతిబొమ్మలు."

పళ్ళెంలో మూడు గొంగళిపురుగులు తెచ్చి పెట్టాడు. ఒకటి పచ్చటి పట్టుకుచ్చులా ఉంది. ఒకదాని ఒంటినిండా బంగారు చుక్కలు. మూడోది నల్లగా, మధ్యలో తెల్లగా, అచ్చం కాకిరెట్టలా ఉంది. నవ్వకండి, నిజంగానే అలా ఉంది.

"ఇందులో మీ అమ్మ ఏది?"

"అమ్మ మహారాణి కదా, బంగారు చుక్కలదే," అన్నాడు జయసింహుడు. "కాదు, పట్టుచీర కట్టుకుంటుంది కదా, పట్టుకుచ్చుదే. చెప్పేస్తున్నా!" అన్నాడు రణధీరుడు.

అలివేణి వాడి నోరు మూసింది. "ఉండు చిన్నన్నయ్యా. దాక్కున్నప్పుడు అమ్మ ఎప్పుడైనా మెరుస్తూ కూర్చుందా? ఇలా మెరిస్తే ఏ పిట్టో ఎత్తుకుపోదూ! దీన్ని చూస్తే పిట్ట రెట్ట అనుకుని పోతుంది. తాతా, ఇదే మా అమ్మ."

ఆ మాట అనగానే మిగతా రెండూ రాళ్ళయిపోయాయి. అలివేణి రెట్టలాంటి ఆ పురుగుని అరచేతిలోకి తీసుకుంది. అమ్మ ఎంత చిన్నదైపోయింది! ఊపిరి తగిలినా కొట్టుకుపోతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది.

"రెండో పని," అన్నాడు మాంత్రికుడు మొహం మాడ్చుకుని. "మీ అమ్మకి కడుపునిండా పెట్టండి. నా తోటలో ఆకులకి లోటా?"

ఆకులన్నీ పచ్చలే. పురుగు ఎలా కొరుకుతుంది? దారికని సంచిలో తెచ్చుకున్న లడ్డూలు పెట్టాడు జయసింహుడు. ముట్టలేదు. అదే సంచిలోని పాయసం చుక్క వేశాడు రణధీరుడు. అందులో మునిగి చచ్చేదే, అలివేణి చటుక్కున ఎత్తింది. పురుగు కదలిక తగ్గిపోతోంది.

అప్పుడు చీమలు చిప్పలోంచి బయటికి వచ్చాయి. పాలరాయి బండల సందుల్లోకి దూరాయి. ఒక్కొక్క మట్టి రేణువే పైకి తెచ్చి కుప్ప పోశాయి. ఆ మట్టిలో తమ గాదెలోని గింజలన్నీ పాతిపెట్టాయి. పెరటి చీమలు కదా, వాటి గాదెలో లేని గింజ ఉండదు. ఆ దీవి మన్ను నూరేళ్ళుగా ఒక్క గింజ మొహం చూడలేదు. ఎప్పుడెప్పుడు మొలిపిద్దామా అని ఎంత ఆత్రంగా ఉందో ఏమో, పిల్లలు దోసిళ్ళతో ఏడో సముద్రం నీళ్ళు తెచ్చి పోస్తుండగానే మొలకలు లేచాయి, మొక్కలయ్యాయి, మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు!

అలివేణి అరచేయి చాపి ఒక్కో మొక్క దగ్గరికీ నడిచింది. ఆముదం ఆకు దగ్గర పురుగు తల తిప్పుకుంది. జామాకు దగ్గర తిప్పుకుంది. తులసి దగ్గరా తిప్పుకుంది. ఇంకో మొక్క దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తింది. మెల్లిగా ఆకు మీదికి పాకింది. కొసనుంచి కొరకడం మొదలుపెట్టింది. అదేం ఆకో తెలుసా? మీరందరూ కంచం అంచున ఏరి పారేసే కరివేపాకు!

"తింటోంది! అమ్మ తింటోంది!" అని ముగ్గురూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. మాంత్రికుడు పళ్ళు నూరుకున్నాడు.

అక్కడినుంచి ఎన్నాళ్ళు గడిచాయో చెప్పలేను. ఆ దీవిలో పొద్దు ఒకచోట కూర్చుంటే లేవదు. పిల్లలు ఐదో సముద్రం నుంచి తూనీగ తెచ్చే పెరుగు తింటూ కరివేప మొక్క చుట్టూ అమ్మకి ఇల్లు కట్టారు. గాలికి అడ్డంగా రాళ్ళు పేర్చారు, ఎండకి అడ్డంగా ఆముదపాకులు కప్పారు. మొక్కలన్నీ పూశాయి. సొరబుర్రలోంచి తేనెటీగలు బయటికొచ్చి పూలన్నిటినీ పలకరించాయి. నూరేళ్ళ తర్వాత ఆ దీవిలో మొదటిసారి ఝుమ్మని చప్పుడు. ఆ చప్పుడులో పిల్లలు పడుకునేవారు, ఆ చప్పుడులో లేచేవారు. అమ్మ తిని తిని పచ్చగా, వేలంత లావైంది. ఒకనాడు తినడం మానేసింది. కొమ్మకి అంటుకుని, నడుముకి సన్నటి దారం కట్టుకుని, ఒంటి చుట్టూ ఆకుపచ్చ గూడు అల్లుకుంది. కదలదు, మెదలదు.

"మూడో పని," అంటూ మాంత్రికుడు వచ్చాడు. ఈసారి అతని గొంతులో తేనె కారుతోంది. "అందులోంచి మీ అమ్మని ప్రాణాలతో బయటికి తీసుకురండి. ఇదిగో బంగారు కత్తి. పాపం, లోపల ఊపిరి ఆడుతోందో లేదో." కత్తి పేర్చిన రాళ్ళ మీద పెట్టి తప్పుకున్నాడు. తప్పుకుంటూ చిలక పంజరాన్ని కరివేప మొక్క వెనకాల దాచి, దాని చెవిలో ఏదో ఊదాడు.

కాసేపటికి మొక్కలోంచి గొంతు వినిపించింది. అచ్చం అమ్మ గొంతు.

"అమ్మలూ... అలివేణీ... లోపల చీకటిగా ఉందే. ఊపిరాడటం లేదే. తలుపు తియ్యవే!"

రణధీరుడు కత్తి లాక్కున్నాడు. "అమ్మ చచ్చిపోతుంది, జరగండి!"

"కొయ్యి తమ్ముడూ, తొందరగా కొయ్యి," అన్నాడు జయసింహుడు.

అలివేణి గూటికి అడ్డంగా నిలబడింది. కొయ్యాలని వాళ్ళిద్దరికీ ఎంత ఉందో, ఆమెకి అంతకు మించి ఉంది. అమ్మ పిలుస్తుంటే పలక్కుండా ఉండటం ఏ పిల్లకి చేతనవుతుంది?

"వద్దు చిన్నన్నయ్యా! నిరుడు నేనొక గూడు విప్పాను. మీకెవరికీ చెప్పలేదు. లోపల సీతాకోకచిలుక ఉంది. సాయం చేద్దామని గోటితో విప్పాను. బయటికైతే వచ్చింది, కానీ దాని రెక్కలు విచ్చుకోలేదు. ముడుచుకుపోయి ఉండిపోయాయి. పొద్దుగూకేదాకా నేల మీద అలా డేకుతూనే ఉంది. తర్వాత..."

రణధీరుడి చేతిలోంచి కత్తి జారింది. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక పని చెయ్యకుండా ఆగడం అదే మొదటిసారి.

"తియ్యవే తల్లీ! నా మీద ప్రేమ లేదుటే?" అని మళ్ళీ అమ్మ గొంతు.

అలివేణి గుండె పగిలిపోయింది. అయినా రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. "అమ్మా, నువ్వే అయితే తర్వాత నన్ను ఎంతైనా తిట్టు, కొట్టు. ఇప్పుడు మాత్రం నేను తియ్యను," అని వెక్కి వెక్కి ఏడ్చింది. గొంతు పిలుస్తూనే ఉంది. ఆమె ఏడుస్తూనే ఉంది, లేవలేదు.

పిలిచి పిలిచి చిలక గొంతు ఎండింది. తేనెటీగల పుణ్యమా అని తోటలో జామకాయలు పండాయి. గాలి ఇటు తిరిగింది. "తలుపు తియ్య..." అంటూ చిలక సగంలో ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"జామపండు!" అంది సొంత గొంతుతో.

తలుపు లేని పంజరంలోంచి రివ్వున ఎగిరిపోయింది. ఎర్రగా పగిలిన జామపండు మీద వాలి, నూరేళ్ళ ఆకలీ తీరేలా తిన్నది. ఆ పండు మీంచి ఈ పండు మీదికి, ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి!

"ఒసే చిలకా! నా ప్రాణమా! పడతావే, దెబ్బ తగులుతుందే, దిగి రావే!" అంటూ మాంత్రికుడు చెట్ల కింద పరుగెత్తాడు. ప్రాణం చేతిలో లేనివాడికి మంత్రం ఏం పలుకుతుంది? పచ్చల ఆకులు గలగలా రాలిపోయాయి. మంత్రదండం వట్టి పుల్లయింది. "పట్టుకోండర్రా దాన్ని!" అని పిల్లల కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"అది రాదు తాతా," అంది అలివేణి. "పళ్ళున్నచోటే ఉంటుంది. అది ఇక్కడే ఉండాలంటే చెట్లకి నీళ్ళు పొయ్యి. తేనెటీగల జోలికి పోకు. ఇంకో సంగతి, చూసి నడువు, నీ కాలి కింద చీమలున్నాయి."

మాంత్రికుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, కిందికి చూసి, పక్కన పెట్టాడు. నీళ్ళకోసం ఏడో సముద్రం వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే గూడు అద్దంలా పలచబడింది. లోపల నల్లటి రెక్కల మడతలు కనిపించాయి. చిటుక్కుమని పగిలింది. ఎవరూ తియ్యలేదు, తనంత తానే పగిలింది. అందులోంచి తడిసి ముద్దయిన సీతాకోకచిలుక ఒకటి మెల్లిగా దిగి కొమ్మకి వేలాడింది.

"అమ్మా!" అని ముగ్గురూ ముందుకు ఉరికారు. అలివేణే మళ్ళీ ఆపింది. "ముట్టుకోవద్దు. రెక్కలు తడిగా ఉన్నాయి. ఆరాలి."

చేతికి అందేంత దగ్గర్లో అమ్మ ఉంది. అన్నాళ్ళ ఎదురుచూపులోనూ అంత కష్టమైన ఘడియ ఇంకొకటి లేదు. ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. రెక్కలు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి. తడి ఆరింది. ఎండ పడింది. సీతాకోకచిలుక ఒక్కసారి రెక్కలు ఆడించేసరికి వాటి నీడ నేల మీద పడి, అంతకంతకూ పెరిగి, పట్టుచీరై, మనిషై లేచి నిలబడింది.

హేమాంబ మహారాణి!

అన్నలిద్దరూ వెళ్ళి చెరో పక్కనా వాటేసుకున్నారు. అలివేణి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. చేతులింకా వెనకే ఉన్నాయి. "అమ్మా, నువ్వు పిలిస్తే నేను తలుపు తియ్యలేదు," అంది నేల చూస్తూ.

రాణి వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ వెనక్కి కట్టుకున్న చేతులు రెండూ ముందుకు తీసుకుని చెంపలకి ఆనించుకుంది.

"నేను పిలవలేదు తల్లీ. పిలవడానికి నాకు నోరెక్కడిది? నువ్వు తియ్యనని ఏడ్చావే, అది మాత్రం లోపలికి వినిపించింది. అప్పటికి నాకింకా కళ్ళు కూడా రాలేదు."

అప్పుడు అలివేణి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, తోటంతా మారుమోగేలా బావురుమంది. రాణి ఊరుకోమనలేదు.

తూనీగ వాళ్ళని మళ్ళీ సముద్రాలన్నీ దాటించింది. రాణిని చూడగానే రాజు మంచం దిగాడు. తర్వాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అది ఎలాగూ తప్పదు. జయసింహుడు రాజై, బల్లులకి భయపడుతూనే, చాలా కాలం చక్కగా ఏలాడు. రణధీరుడు పెళ్ళినాడు ముహూర్తం వచ్చేదాకా పీటల మీద బుద్ధిగా కూర్చున్నాడు. అలివేణిని చేసుకుంటామని ఎందరో రాజకుమారులు వచ్చారు. ఆమె తలంటుకుని, జడ వేసుకుని వచ్చేదాకా చీమల బారు చూసుకుంటూ, ఎంతసేపైందో కూడా గమనించకుండా పెరట్లో కూర్చున్నవాణ్ణి ఆమె పెళ్ళాడింది. ఇద్దరూ మాంత్రిక తాత అప్పగించిన పచ్చల దీవిని ఏలారు. ఆ దీవిలో ఇప్పుడు నిశ్శబ్దమన్నదే లేదట.

కథ ఎటునుంచి వచ్చిందో అటే ఎగిరిపోయింది. ఇంక లేచి చేతులు కడుక్కోండి, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది.